పస్కా రాత్రి పిల్లవాని ప్రశ్న

ప్రతి జాతీ తన పూర్వకథను పిల్లలకు అందజేయడానికి ఏదో ఒక ఉపాయం కల్పించుకొంటుంది. కొందరు రాతిమీద చెక్కిస్తారు. కొందరు గాయకుల చేత పాడిస్తారు. కొందరు వ్రతకథగా చదివి, వినేవారి చేతిలో అక్షతలు పెడతారు. యూదులు కల్పించుకొన్న ఉపాయం వీటికంటె కొంత భిన్నమైనది. కథ చెప్పే భారాన్ని వారు పెద్దలమీద ఉంచినారు. కథను ఆరంభించే అధికారాన్ని మాత్రం ఇంటిలో అందరికంటె చిన్న బిడ్డకు ఇచ్చినారు. సంవత్సరంలో ఒకనాటి రాత్రి, దీపాలు వెలిగించి, బల్లమీద పాత్రలన్నీ అమర్చి, కుటుంబమంతా కూర్చున్న తరువాత, ఆ బిడ్డ నోరు విప్పి అడగాలి: తక్కిన రాత్రులన్నిటికీ, ఈ రాత్రికీ భేదం ఏమిటి? ఆ ప్రశ్న పుట్టిన తరువాతనే తండ్రి కథ మొదలుపెడతాడు.

ఈ రాత్రి పస్కా పండుగ రాత్రి. తెలుగు బైబిలు చదివినవారికి ఈ పేరు పరిచితమే. హీబ్రూలో దీనిని పెసహ్ అంటారు. దాటిపోవడం అని ఆ మాటకు సంప్రదాయార్థం. నీసాను మాసం పదునాలుగవనాటి సాయంకాలం సూర్యుడు అస్తమించగానే పదునైదవ తిథి ప్రవేశిస్తుంది. ఆ పున్నమి రాత్రియే పండుగకు ముఖ్యకాలం. అది వసంత ఋతువు. మన చైత్రమాసానికి ఇంచుమించు సమీపకాలం. ఇశ్రాయేలు దేశంలో పండుగ ఏడు దినాలు. ఇతర దేశాలలో నివసించే సంప్రదాయనిష్ఠులైన యూదులకు ఎనిమిది దినాలు. ఐగుప్తులో ఫరోకు బానిసలై ఇటుకలు చేసిన ఇశ్రాయేలీయులు మోషే నాయకత్వాన విముక్తులై వెడలివచ్చినారన్న వృత్తాంతం నిర్గమకాండములో ఉన్నది. పిండి పులియడానికి కూడా వ్యవధి లేక, పొంగని రొట్టెలతో బయలుదేరినారు గనుక, ఈ దినాలలో పులిసిన పిండితో చేసినది ఏదీ తినరు, ఇంటిలో ఉంచరు.

ఈ వృత్తాంతంలో చరిత్ర ఎంత, ఐతిహ్యం ఎంత అన్నది పండితులు చిరకాలంగా చర్చిస్తున్న విషయం. ఇశ్రాయేలీయుల వలసను వర్ణించే ఐగుప్తు శాసనం ఒక్కటీ దొరకలేదు. ఇశ్రాయేలు అన్న పేరు కనిపించే అతి ప్రాచీన ఐగుప్తు శాసనం మెర్నెప్తా అనే ఫరోది, అది క్రీ.పూ. 1208 ప్రాంతానిది. అందులోనూ ఇశ్రాయేలు కనాను ప్రాంతంలో ఉన్న జనంగా కనబడుతుందే గాని ఐగుప్తును విడిచిన బానిసలుగా కనబడదు. అయితే పండుగ ప్రాచీనతకు మాత్రం చక్కని నిదర్శనం ఒకటి ఉన్నది. నైలు నదిలోని ఎలిఫెంటీన్ ద్వీపంలో పారసీక చక్రవర్తుల కొలువులో ఉండిన యూద సైనికుల స్థావరానికి క్రీ.పూ. 419లో వ్రాసిన ఒక లేఖ పపైరసు పత్రంమీద మిగిలి ఉన్నది. పొంగని రొట్టెల పండుగను ఏ దినాలలో, ఏ నియమాలతో జరుపుకోవలెనో ఆ లేఖ తెలుపుతుంది. ఐగుప్తునుండి వెడలిన కథను స్మరించే పండుగకు ఇంత పాత సాక్ష్యం ఐగుప్తు గడ్డమీదనే దొరకడం విచిత్రం.

ప్రాచీనకాలంలో ఈ పండుగకు ప్రధానం బలి. యెరూషలేము దేవాలయంలో గొఱ్ఱెపిల్లను బలియిచ్చి, దాని మాంసాన్ని కాల్చి, కుటుంబాలుగా కూడి ఆ రాత్రి తినేవారు. క్రీ.శ. 70లో రోమనులు ఆ దేవాలయాన్ని ధ్వంసం చేసినారు. దేవాలయం లేదు గనుక బలి లేదు. బలి లేని పండుగ ఎట్లా నిలుస్తుంది? ఆనాటి ఆచార్యులకు ఎదురైన సమస్య ఇది. వారు పండుగను బలిపీఠం నుండి భోజనపు బల్లకు మార్చినారు. పురోహితుని స్థానంలో ఇంటి పెద్ద నిలిచినాడు. బలికి బదులు కథ వచ్చినది. ఆ కథ వినవలసినవారు పిల్లలు గనుక, పిల్లలే ఆ రాత్రికి కేంద్రమైనారు.

ఈ మార్పుకు ప్రమాణం మిష్నా అనే ధర్మశాస్త్ర సంకలనంలో చూడవచ్చును. ఇది క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చబడినది. అందులో పస్కాను గూర్చిన ప్రకరణం పదవ అధ్యాయంలో ఆ రాత్రి క్రమమంతా ఉన్నది. రెండవ పాత్రలో ద్రాక్షారసం పోసిన తరువాత కుమారుడు తండ్రిని అడగాలి. అడిగే తెలివి ఇంకా రాకపోతే తండ్రే అడగడం నేర్పాలి. బిడ్డ బుద్ధి ఎంతో అంత మేరకు చెప్పాలి. కథను అవమానంతో ఆరంభించి గౌరవంతో ముగించాలని కూడా మిష్నా విధించినది. ఈ విధి ఆలోచింపదగినది. వంశచరిత్ర చెప్పేవారు సాధారణంగా సూర్యునితోనో చంద్రునితోనో ఆరంభిస్తారు. మా పూర్వులు బానిసలు, ఇటుకలు మోసినవారు అన్న మాటతో తమ పిల్లలకు వంశకథ ఆరంభించే జాతులు లోకంలో అరుదు.

మిష్నా తరువాతి తాల్ముదు గ్రంథంలో ఈ విషయమై కొన్ని ముచ్చటైన ఉదంతాలు ఉన్నవి. రబ్బీ అకీబా గొప్ప ఆచార్యుడు. ఆయన పస్కా సాయంకాలాన పిల్లలకు వేయించిన గింజలు, పప్పులు పంచేవాడట. వారు నిద్రపోక మేలుకొని ఉండి, ప్రశ్నలు అడగవలెనని ఆయన కోరిక. మరొక ఉదంతం ఇంకా రమ్యమైనది. అబయే అనే పండితుడు బాల్యంలో రబ్బా అనే గురువు ఇంట పెరిగినాడు. ఒక పస్కా రాత్రి, భోజనం ఆరంభం కాకముందే ముందున్న బల్లను తొలగించడం ఆ పిల్లవాడు చూచినాడు. మనం ఇంకా తిననేలేదే, బల్ల తీసివేస్తున్నారేమి అని అడిగినాడు. గురువు సంతోషించి, ఇక ఆనవాయితీ ప్రశ్నలు చదవవలసిన పని మాకు లేకుండా చేసినావు అన్నాడట. బిడ్డ మనస్సులో సహజంగా పుట్టిన ఒక్క ప్రశ్న, వల్లించి అప్పజెప్పే నాలుగు ప్రశ్నలకు సమానమని ఆ గురువు భావం.

దీనిని బట్టి ఆ రాత్రి జరిగే అనేక వింతల రహస్యం తెలుస్తుంది. బల్ల తొలగించడం, భోజనానికి ముందే ఆకుకూరను ఉప్పునీటిలో ముంచి తినడం, రొట్టెను విరిచి సగం దాచడం, దిండుకు ఆనుకొని కూర్చోవడం మొదలైనవాటికి వేరువేరు అర్థాలు చెప్పవచ్చును గాని, వీటిలో కొన్నిటికి ప్రాచీనులు చెప్పిన మొదటి ప్రయోజనం ఒక్కటే: పిల్లలు చూచి ఆశ్చర్యపడి అడగాలి. పన్నెండవ శతాబ్దిలో మైమొనిదీసు తన ధర్మశాస్త్రంలో దీనిని స్పష్టంగా వ్రాసినాడు. ఆ రాత్రి ఏదో ఒక మార్పు చేయాలన్నాడు. కుమారుడు లేకపోతే భార్య అడగాలి. ఆమె కూడా లేకపోతే ఒకరినొకరు అడగాలి. ఒంటరివాడైతే తన్ను తానే అడుగుకోవాలి అన్నాడు. ఈ గ్రంథం వ్రాసేనాటికి ఆయన నివాసం ఐగుప్తులోనే.

ఆ రాత్రి చదివే చిన్న పుస్తకాన్ని హగ్గాదా అంటారు. చెప్పడం అని దాని అర్థం. జరిగే క్రమానికి సేదెర్ అని పేరు; క్రమం అనియే ఆ మాటకూ అర్థం. హగ్గాదాలో నలుగురు కుమారుల ప్రసంగం ఒకటి వస్తుంది. తల్లిదండ్రులు బిడ్డలకు ఈ కథ చెప్పవలెనని ధర్మశాస్త్రం నాలుగు చోట్ల, నాలుగు విధాలుగా ఆదేశించినది. ఒకే మాటను నాలుగుసార్లు ఎందుకు చెప్పవలసివచ్చినది? బిడ్డలు నాలుగు రకాలవారు కాబట్టి అని పెద్దలు సమాధానం కల్పించినారు. ఒకడు వివేకి, నియమాల సూక్ష్మాలు అడుగుతాడు. ఒకడు దుర్మార్గుడు; ఈ తంతంతా మీకేమిటి అని తనను వేరుచేసుకొని మాట్లాడుతాడు. ఒకడు అమాయకుడు, ఇదేమిటి అని మాత్రం అంటాడు. నాలుగవవానికి అడగడమే తెలియదు. నలుగురికీ నాలుగు సమాధానాలు ఉన్నవి. అడగడం తెలియనివానికి మాత్రం తండ్రియే ముందుగా నోరు తెరవాలి. ఒకే పాఠం అందరు పిల్లలకూ ఒకే తీరుగా పనికిరాదని చెప్పే ఈ సూత్రాన్ని నేటి బోధనాశాస్త్రజ్ఞులు కొత్తగా కనిపెట్టినట్లు చెప్పుకొంటారు. వేరొక విశేషం కూడా గమనించదగినది. దుర్మార్గునికి కటువైన సమాధానమే దొరుకుతుంది గాని, అతనిని బల్ల దగ్గరనుండి లేపివేయమని ఎవరూ అనలేదు. వచ్చి కూర్చున్నాడు, అడిగినాడు. అంతమాత్రాన అతడు కుమారుడే.

ఇక బోధ అంతా చెవికే పరిమితం కాదు. బల్లమీద ఉన్న పదార్థాలే పాఠాలు. పొంగని రొట్టెను మాత్సా అంటారు. పిండిలో నీరు కలిసిన క్షణం నుండి పదునెనిమిది నిమిషాలలోపున అది కాలడం ఆరంభం కావాలి. ఆలస్యమైతే పులిసినట్లే లెక్క. చేదు కూర బానిసత్వపు చేదును తెలుపుతుంది. ఖర్జూరాలు, పప్పులు, పండ్లు మొదలైనవి కలిపి నూరిన ముద్ద, పూర్వులు కలిపిన ఇటుకమట్టిని స్మరింపజేస్తుంది. కాని అది తియ్యగా ఉంటుంది. పిల్లలు మళ్ళీమళ్ళీ అడుగుతారు. ఉప్పునీరు కన్నీటికి గుర్తు. నాలుగేండ్ల బిడ్డకు దాస్యం అన్న మాట అర్థం కాదు. నాలుకమీద చేదు మాత్రం అర్థమవుతుంది. మాట తరువాత వచ్చి ఆ రుచికి పేరు పెడుతుంది.

ఆటలు కూడా ఉన్నవి. పండుగకు ముందటి రాత్రి దీపం పట్టుకొని, ఒక ఈక, ఒక చెక్కగరిటె తీసుకొని ఇల్లంతా వెదకి, పులిసిన రొట్టె తునకలను ఏరుతారు. ఇల్లు అప్పటికే శుభ్రమై ఉంటుంది గనుక, వెదకుడు వ్యర్థం కాకుండా పది తునకలు ముందే దాచే ఆచారం చాల ఇండ్లలో ఉన్నది. వాటిని పట్టుకోవడం పిల్లల వంతు. మరునాటి ఉదయం వాటిని కాలుస్తారు. సేదెర్ నాడు విరిచి దాచిన రొట్టె సగాన్ని ఐరోపా యూదుల ఇండ్లలో పిల్లలు దొంగిలిస్తారు. అది చివరకు తింటే గాని భోజనం ముగియదు. కాబట్టి తండ్రి ఏదైనా బహుమానం ఒప్పుకొని దానిని విడిపించుకోవాలి. బాగ్దాదు యూదుల సంప్రదాయంలో ఆ రొట్టెను గుడ్డలో మూటగట్టి భుజాన వేసుకొని ఒకరు వస్తారు. ఎక్కడినుంచి వస్తున్నావు అని అడుగుతారు. ఐగుప్తునుంచి అని సమాధానం. ఎక్కడికి పోతున్నావు? యెరూషలేముకు. ఇంతే నాటకం. పారసీక యూదులు పాట పాడుతూ ఉల్లికాడలతో ఒకరినొకరు కొట్టుకొంటారు. ఐగుప్తు కొరడాలకు అది అభినయం. పెద్దలను కొట్టే అవకాశం దొరికిన పిల్లలకు ఆ రాత్రి నిద్ర ఎట్లా వస్తుంది?

పిల్లల కొరకే బొమ్మలు కూడా ఈ పుస్తకంలోకి వచ్చినవి. 1300 ప్రాంతంలో దక్షిణ జర్మనీలో వ్రాసిన ఒక హగ్గాదాలో మనుష్యులకు పక్షుల తలలు చిత్రించినారు. 1350 ప్రాంతంలో స్పెయినులోని బార్సెలోనా పరిసరాల తయారై, ఇప్పుడు సరయేవో నగరంలో ఉన్న హగ్గాదా ప్రపంచప్రసిద్ధమైనది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నాజీల చేత పడకుండా దానిని కాపాడినవాడు ఆ నగర మ్యూజియంలోని ముస్లిం పండితుడు దెర్విష్ కోర్కుత్. 1526లో ప్రాగ్ నగరంలో చిత్రాలతో హగ్గాదా అచ్చయినది. ఈ పుస్తకం తరుచుగా భోజనపు బల్లమీదనే ఉంటుంది గనుక, పాత ప్రతులలో ద్రాక్షారసపు మరకలు కనిపిస్తవి. పిల్లల చేతులలో పడిన పుస్తకమని వేరే సాక్ష్యం అక్కరలేదు.

భారతదేశపు యూదుల చరిత్రలో ఈ ప్రశ్నకూ, ఈ సమాధానానికీ ఒక ప్రత్యేకమైన కథ ఉన్నది. మైమొనిదీసు సోదరుడు దావీదు వ్యాపారార్థం హిందూదేశానికి వస్తూ సముద్రంలో మునిగిపోయినాడు. మైమొనిదీసు తన వార్ధక్యంలో వ్రాసిన ఒక లేఖలో హిందూదేశపు యూదుల ప్రస్తావన చేసినాడు. వారికి లిఖిత ధర్మశాస్త్రం తెలియదు. విశ్రాంతిదినం, సున్నతి మాత్రమే పాటిస్తారు అన్నది ఆ మాటల తాత్పర్యం. ఇది ఎవరిని ఉద్దేశించినదో నిశ్చయించడం కష్టం. అయినా కొంకణ తీరంలోని బెనె ఇశ్రాయేలు సమాజపు స్థితికి ఆ వర్ణన చక్కగా సరిపోతుంది.

బెనె ఇశ్రాయేలులు ఓడ పగిలి నవగాఁవ్ వద్ద ఒడ్డు చేరిన పూర్వుల సంతతి తాము అని చెప్పుకొంటారు. వారు మరాఠీ మాట్లాడినారు. గానుగ ఆడించి నూనె తీసినారు. శనివారం పని మానుతారు గనుక ఇరుగుపొరుగువారు వారిని శనివారపు తేలీలు అన్నారు. కాలక్రమాన హీబ్రూ మరచినారు, గ్రంథాలు పోయినవి. ఏకేశ్వరుని చాటే ఒక వాక్యం, విశ్రాంతిదినం, సున్నతి, కొన్ని భోజన నియమాలు, కొన్ని పండుగలు మాత్రం మిగిలినవి. ఆ పండుగలకు పేర్లు సైతం మరాఠీలోనివే. ఈ సమాజపు చరిత్రను 1897లో రచించిన హయీం సామ్యూల్ కెహీంకర్ ఒక విచిత్రమైన ఆచారం నమోదు చేసినాడు. ఆయన గ్రంథం 1937లో గాని అచ్చు కాలేదు. వసంతకాలంలో వారు ఒక పండుగ చేసేవారు. పుల్లని ద్రవం ఉన్న కుండకు మూతపెట్టే పండుగ అని దాని పేరుకు అర్థం. ఆ కుండలోని పులుసును ఎనిమిది దినాలు ముట్టేవారు కారు.

ఎందుకు ముట్టరు? పెద్దలు ముట్టలేదు గనుక. పులిసినదానిని త్యజించే పస్కా ఇట్లు ఒక కుండ మూతగా మిగిలినది. ఐగుప్తు లేదు, ఫరో లేదు, మోషే కథతో దానికి ముడి లేదు. ఆచారం నిలిచినది, కథ జారిపోయినది. పూర్వం ఏ తరంలోనో ఒక బిడ్డ అడిగి ఉంటుంది. చెప్పడానికి ఆ తండ్రికి మాట లేకపోయి ఉంటుంది. అయినా ఎనిమిది దినాల లెక్క తప్పలేదు. కథ నశించినచోట చేతులు జ్ఞాపకం పెట్టుకొన్నవి. ఈ ఉదంతంనుండి మనం రెండు విషయాలు నేర్చుకోవచ్చును. కథ లేని ఆచారం మూగది. అయినా మూగ ఆచారం కూడా వ్యర్థం కాదు. కథ తిరిగి వచ్చేవరకు దానికి చోటు కాపాడుతుంది.

కథ తిరిగి వచ్చిన విధం కూడా గమనింపదగినది. బొంబాయిలో బెనె ఇశ్రాయేలుల మొదటి ప్రార్థనామందిరం 1796లో సామ్యూల్ దివేకర్ కట్టించినాడు. 1820ల నుంచి కొచ్చి యూదులు కొందరు కొంకణానికి వచ్చి ప్రార్థనాక్రమాన్నీ, పండుగ విధులనూ నేర్పినారు. క్రైస్తవ మిషనరీలు మరాఠీ బైబిలునూ, హీబ్రూ వ్యాకరణాన్నీ అచ్చువేసినారు. మతం మార్చవలెనన్నది వారి ఉద్దేశం. కాని బెనె ఇశ్రాయేలులు ఆ పుస్తకాలను తమ ధర్మం తెలుసుకోవడానికే వాడుకొన్నారు. 1846లో మరాఠీ అనువాదంతో హగ్గాదా బొంబాయిలో వెలువడినది. 1874లో పుణెలో అచ్చయిన హగ్గాదా ఈనాటికీ గ్రంథప్రియులకు ఇష్టమైనది. అందులో పస్కా రొట్టెలు చేసే స్త్రీల చిత్రాలు ఉన్నవి. వారు చీరలు కట్టుకొని ఉన్నారు. ఆ బొమ్మలు చూచిన బాలిక, ఐగుప్తు కథలోని వారు తన తల్లివంటివారే అని తలచక మానదు. మరుసటి సంవత్సరం, 1875లో, కెహీంకర్ తన సమాజపు పిల్లలకు బొంబాయిలో పాఠశాల స్థాపించినాడు. కుండకు మూత పెట్టిన చేతులకు కారణం తెలిసివచ్చినది. ఇక్కడ చాల ఇండ్లలో తండ్రీ బిడ్డా ఒకేసారి ఆ కథ నేర్చుకొని ఉంటారు. చెప్పవలసినవాడే అడగవలసినవాడు కూడా అయినాడు.

కొచ్చి యూదుల తీరు వేరు. వారికి గ్రంథసంప్రదాయం తెగలేదు. మట్టాంచేరిలోని పరదేశి ప్రార్థనామందిరం 1568 నాటిది. పస్కా శుద్ధిలో వారి నిష్ఠ అపారమని వారి జీవితాన్ని పరిశీలించినవారు వ్రాసినారు. పండుగకు నెలల ముందే పని ఆరంభమయ్యేది. గోడలకు సున్నం వేసేవారు. పండుగ పాత్రలు వేరే ఉండేవి. బియ్యం గింజగింజ చూచి ఏరేవారు. ఐరోపా యూదులు చాలమంది పస్కా దినాలలో బియ్యం ముట్టరు. కొచ్చివారు తింటారు గాని ఏరడంలో కొరత చేయరు. మడి ఆచారం తెలిసిన మన ఇండ్ల స్త్రీలకు ఈ శ్రమ కొత్త కాదు. ఆ ఏరే చేటల ముందు కూర్చున్న బాలికలకు పండుగ పాఠం సేదెర్ రాత్రికి ఎన్నో వారాలు ముందే మొదలయ్యేది. కొచ్చి స్త్రీలు బైబిలు కథలను మలయాళంలో పాటలుగా కట్టి, నోటుపుస్తకాలలో వ్రాసుకొని, తల్లినుండి కూతురికి అందించినారు. హీబ్రూలో తండ్రి చదివే కథకు, మలయాళంలో తల్లి పాడే కథ తోడైనది.

కలకత్తాలో స్థిరపడిన బాగ్దాదు యూదులు ఖర్జూరపు పాకంలో అక్రోటు పప్పు కలిపి ఆ తీపి ముద్ద చేసేవారు. మన దేశంలో శాస్త్రసమ్మతమైన ద్రాక్షారసం దొరకనిచోట ఎండుద్రాక్షలు నానబెట్టి పిండిన షర్బత్తుతోనే నాలుగు పాత్రలు నింపుకొన్న కుటుంబాలు ఎన్నో. విధి ఒక్కటే; పాత్రలో పోసినది ఆయా ఊరి సరకు.

తెలుగుదేశానికి కూడా ఈ కథలో ఒక చిన్న చోటు ఉన్నది. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపాన కొత్తరెడ్డిపాలెంలో మాదిగ కులస్థులైన కొన్ని కుటుంబాలవారు 1980ల చివరినుంచి తాము ఇశ్రాయేలు గోత్రాలలో ఒకటైన ఎఫ్రాయిము సంతతివారమని ప్రకటించుకొని, బెనె ఎఫ్రాయిము అన్న పేరుతో యూద పండుగలు జరుపుకొంటున్నారు. యూలియా యెగరోవా, షాహిద్ పర్వేజ్ అనే మానవశాస్త్ర పండితులు 2013లో వీరిని గూర్చి ఒక గ్రంథం ప్రకటించినారు. వీరి వంశావళి వాదం ఇంకా తెగలేదు. దానిని తీర్చడం ఈ వ్యాసానికి పని కాదు. కాని ఒక మాట చెప్పవలసి ఉన్నది. అవమానంతో ఆరంభించి గౌరవంతో ముగించమన్న మిష్నా విధి, తరతరాలుగా ఊరి వెలుపల నివసింపజేయబడిన ఇంటి బిడ్డకు వినిపించినట్లు మరొకరికి వినిపించదు. మా పూర్వులు దాస్యం చేసినారు అన్న మాట అక్కడ వట్టి పురాణం కాదు.

ఈ కథను పిల్లలకు చెప్పడంలో ఒక చిక్కు కూడా ఉన్నది. దానిని దాచడం న్యాయం కాదు. విముక్తి కథలో శత్రువు ఉన్నాడు. పది తెగుళ్ళు ఉన్నవి. ఐగుప్తువారి తొలిచూలు బిడ్డల మరణం ఉన్నది. సముద్రంలో మునిగిన సైన్యం ఉన్నది. ఇవి వినే బిడ్డ మనస్సులో ఏమి నాటుకొంటుంది? కృతజ్ఞతయా, పగయా? పెద్దలు ఈ ప్రశ్నను ఎరుగనివారు కారు. సముద్రంలో ఐగుప్తువారు మునుగుతూ ఉండగా దేవదూతలు స్తోత్రం పాడబోతే, నా చేతిపని మునిగిపోతూ ఉండగా పాటలా అని దేవుడు వారించినాడని తాల్ముదులో ఒక కథ ఉన్నది. తెగుళ్ళ పేర్లు ఒక్కొక్కటి చెప్పినప్పుడు పాత్రనుండి ఒక్కొక్క బొట్టు తీసివేసే ఆచారం అనేక ఇండ్లలో ఉన్నది. ఇతరుల బాధవల్ల మన సంతోషపాత్ర అంతమేరకు తరగవలెనని తరువాతివారు దానికి వ్యాఖ్య చెప్పినారు. ధర్మశాస్త్రం కూడా పరదేశిని బాధింపవద్దని చెప్పి, మీరును ఐగుప్తులో పరదేశులై ఉంటిరి గదా అని కారణం చూపినది. బానిసత్వపు జ్ఞాపకం పగకు మూలం కావచ్చును. దయకూ మూలం కావచ్చును. ఏది కావలెనో బల్ల దగ్గర కూర్చున్న పెద్దల నోటిలో ఉన్నది.

ఈ కథ ఇతరులకూ ఉపయోగపడినది. అమెరికాలో నీగ్రో బానిసలు మోషే కథనే తమ పాటలలో పాడుకొన్నారు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగి సంవత్సరమైన దినాన, 1969 ఏప్రిల్ 4న, వాషింగ్టన్ నగరంలో నల్లవారు, తెల్లవారు కలిసి ఒక సేదెర్ జరుపుకొన్నారు. దానికి ముందు, 1943 ఏప్రిల్ 19న, వార్సా నగరపు యూదవాడలో నాజీలపై తిరుగుబాటు ఆరంభమైనది. అది పస్కా సాయంకాలం. ఆ రాత్రి అక్కడ ఆ ప్రశ్న అడిగిన పిల్లలకు తండ్రులు ఏమి సమాధానం చెప్పగలిగినారో ఊహించడానికి మనస్సు వెనుదీస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో యూదులు పాతికవేలకు పైగా ఉండేవారు. ఇశ్రాయేలు రాజ్యం 1948లో ఏర్పడిన తరువాత వారిలో అధికభాగం అక్కడికి తరలిపోయినారు. కొచ్చి యూదులు 1950లలో గ్రామాలకు గ్రామాలుగా వెళ్ళినారు. ఎవరూ తరిమితే వెళ్ళినవారు కారు. ఈ దేశంలో తమను పీడించినవారు లేరని వారే చెప్పుకొంటారు. మట్టాంచేరిలో ఇప్పుడు యూదులు వేళ్ళమీద లెక్కింపదగినంతమంది. కలకత్తాలో 1881లో స్థాపించిన యూద బాలికల పాఠశాల ఇప్పటికీ నడుస్తున్నది; చదివే బాలికలలో అధికసంఖ్యాకులు ముస్లిములు. ముంబయి, ఠాణె ప్రాంతాలలోనే ఇంకా సేదెర్ బల్లల చుట్టూ పిల్లల సందడి వినిపిస్తుంది.

పిల్లలు లేని బల్ల దగ్గర పండుగ ఎట్లా జరుగుతుంది? సమాధానం శాస్త్రకారులు ఎప్పుడో వ్రాసి ఉంచినారు. కుమారుడు లేకపోతే భార్య అడుగుతుంది. ఇద్దరు పండితులే ఉంటే ఒకరినొకరు అడుగుతారు. ఒక్కడే ఉంటే తన్ను తానే అడుగుకొంటాడు. వట్టి సూక్ష్మచర్చవలె కనిపించే ఈ విధి, తోడు లేని ముసలివాని పస్కా రాత్రి ప్రాణం పోసుకొంటుంది. ఎదుట ఏలీయా ప్రవక్త కొరకు నింపి ఉంచిన పాత్ర, మూటగట్టని రొట్టె, ఖాళీ కుర్చీలు. ఏడాదికి ఏడాదీ తన మనుమల వంతు అయిన ప్రశ్నను ఆయన తన గొంతుతోనే అడుగుతాడు: తక్కిన రాత్రులన్నిటికీ, ఈ రాత్రికీ భేదం ఏమిటి? అడిగి, తిరిగి తానే ఆరంభిస్తాడు. మేము ఐగుప్తులో బానిసలమై ఉంటిమి అని.